సార్ చేస్తే తేలిక, నేను చేస్తే రాదు

కావలి నుంచి ఒక అమ్మాయి అడిగిన ప్రశ్నకు ఇది జవాబు. ఆమె ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివి, ఇంటి దగ్గరే పదో తరగతి, ఇంటర్ ఎంపీసీ పిల్లలకు లెక్కలు, భౌతికశాస్త్రం చెప్పడం మొదలుపెట్టి మూడు నెలలైంది. "చెప్పినంతసేపూ తల ఊపుతారు. అర్థమైందా అంటే అయిందంటారు. మర్నాడు అదే లెక్క అంకెలు మార్చి ఇస్తే పెన్ను కదలదు. లోపం నా చెప్పడంలో ఉందా, పిల్లల్లో ఉందా? ఒక్కసారికి ఎంతమందిని కూర్చోబెట్టుకోవాలి? ప్రయోగాలకు ఏమేమి కొనాలి? తల్లిదండ్రులకు ఏమి చెప్పాలి? ఫోనులో చెప్పవచ్చా?" ఇవీ ఆమె సందేహాలు.

అమ్మా, లోపం చెప్పడంలోనే ఉంది. మీరు తప్పుగా చెబుతున్నారని కాదు, ఎక్కువగా చెబుతున్నారు. నేనూ అదే చేశాను కాబట్టి ఇంత గట్టిగా అంటున్నాను. ఇరవై ఆరేళ్ల క్రితం ఒంగోలులో ఒక కళాశాలలో చేరినప్పుడు నా బోర్డు చూసి తోటి అధ్యాపకులు ముచ్చటపడేవారు. ఎడమ పక్క పటం, కుడి పక్క సూత్రం, కింద రెండు గీతల మధ్య జవాబు. చెరిపి రాసే పని ఉండేది కాదు. ఆ ఏడాది త్రైమాసిక పరీక్షల్లో నా సెక్షన్‌లో సగం మంది గతిశాస్త్రం లెక్కల దగ్గరే ఆగిపోయారు. వెనక బెంచీ కుర్రవాణ్ని పిలిచి ఎందుకిలా అయిందని అడిగితే, "మీరు చేస్తే తేలిక సార్, నేను చేస్తే రాదు" అన్నాడు. వాడు నన్ను మెచ్చుకున్నాడని రెండు రోజులు సంబరపడ్డాను. మూడో రోజున గానీ ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగల్లేదు.

ఇప్పుడు నెల్లూరులో మా ఇంటి ముందు గదిలో బోర్డు లేదు. ఒక పొడుగు బల్ల, చుట్టూ ఐదుగురు పిల్లలు. కుర్చీలోంచి లేవకుండా మీకు ఎన్ని నోటుపుస్తకాలు కనబడతాయో అంతమందినే తీసుకోండి. నాకు ఐదు కనబడతాయి. ఆశపడి రెండేళ్లు తొమ్మిది మందిని కూర్చోబెట్టాను. అందులో నలుగురికి నేను చెప్పింది ట్యూషన్ కాదు, ఉపన్యాసం. ఇంకొకటి, ఎదురుగా కూర్చున్న బిడ్డ రాసేది తలకిందులుగా చదవడం అలవాటు చేసుకోండి. ఈ పనిలో అది డిగ్రీ కంటే ఎక్కువగా అక్కరకొస్తుంది.

కొత్తగా వచ్చిన బిడ్డను ఏ పాఠం రాదని అడగను. అడిగితే "రొటేషన్ రాదు సార్", "ఇంటిగ్రేషన్ రాదు సార్" అంటారు. రానిది సాధారణంగా అది కాదు. ఒక తెల్ల కాగితం మీద నాలుగు చిన్న లెక్కలు ఇస్తాను. మూడు బై నాలుగుకు రెండు బై ఐదు కలపమంటాను. మైనస్ మూడులోంచి మైనస్ ఐదు తీసివేయమంటాను. చతురస్రం భుజం రెట్టింపైతే వైశాల్యం ఎన్ని రెట్లు అవుతుందని అడుగుతాను. గంటకు 36 కిలోమీటర్లంటే సెకనుకు ఎన్ని మీటర్లో రాయమంటాను. జవాబులు తరువాత చూస్తాను, ముందు చేతిని చూస్తాను. పెన్సిల్ ఎక్కడ ఆగింది, ఎక్కడ రబ్బరు తీశారు, ఎక్కడ నా ముఖం వైపు చూశారు, అక్కడ గుర్తు పెట్టుకుంటాను. నాలుగో లెక్కకు చాలామంది క్షణంలో 10 అని వేస్తారు. "ఐదు బై పద్దెనిమిదితో గుణించాలి సార్" అంటారు. ఆ ఐదు ఎక్కడిది, ఆ పద్దెనిమిది ఎక్కడిది అని అడిగి చూడండి. జవాబు సరిగ్గా ఉన్నచోట కూడా కింద నేల బోలుగా ఉండవచ్చు. ఇంటర్ పిల్లలు తడబడే లెక్కల్లో ఎక్కువ భాగం ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల్లో వదిలేసినవే. అక్కడికి దిగి రావడానికి మీరు సిగ్గుపడకండి, బిడ్డను సిగ్గుపడనివ్వకండి.

ఒకటి దగ్గరగా చూపిస్తాను. ఇంటర్ మొదటి సంవత్సరం అమ్మాయి ఒకరు వచ్చింది. సదిశల సంకలనం, అంటే దిక్కు ఉన్న రాశులను కూడడం, చేస్తోంది. లంబంగా ఉన్న రెండు బలాలు, ఒకటి 3 న్యూటన్లు, రెండోది 4. సూత్రం తప్పు లేకుండా రాసింది. మూడు వర్గం, నాలుగు వర్గం కలిపి మొత్తానికి వర్గమూలం వేసింది. ఆ తరువాత గీత గీసి, దాని కింద ఎంతో నమ్మకంగా 7 అని రాసింది. వర్గమూలం వచ్చి రెండు వర్గాలనూ విడివిడిగా కొట్టేస్తుందని ఆమె లెక్క. రెండు సంఖ్యలు కూడి వర్గం చేస్తే విడివిడి వర్గాల మొత్తమే వస్తుందనుకునే తప్పుకు ఇది తోబుట్టువు. ఒకటి ఉన్న ఇంట్లో రెండోది తప్పకుండా ఉంటుంది.

నేను దిద్దలేదు. చేతికి కొలత టేపు ఇచ్చాను. మా గదిలో పరిచిన టైల్స్ ఒక్కొక్కటి 60 సెంటీమీటర్లు. గోడ మూలలో మొదలుపెట్టి ఒక గోడ వెంట మూడు, రెండో గోడ వెంట నాలుగు లెక్కపెట్టి సుద్దముక్కతో గుర్తులు పెట్టమన్నాను. ఆ రెండు గుర్తుల మధ్య ఐమూలగా ఎంత ఉంటుందో కొలవక ముందే రాయమన్నాను. "ఏడు టైల్స్ సార్, 420 సెంటీమీటర్లు" అని రాసింది. టేపు పరిచింది. 300 చూపించింది. టేపు వదులైందనుకుని మళ్లీ లాగింది. 300. మూడోసారి తమ్ముణ్ని రెండో కొస పట్టుకోమంది. అయినా 300. "టేపు సరైనదేనా సార్?" అని అడిగింది. టేపును నమ్మకపోతే గోడ వెంట కొలిచి చూడమన్నాను. 180, 240 సరిగ్గా వచ్చాయి. కాసేపు నేల వైపే చూస్తూ కూర్చుంది. తరువాత తనంతట తానే, "మా నాన్న పునాది తీసేటప్పుడు తాడుతో ఇదే చేస్తారు సార్. మూడడుగులు, నాలుగడుగులు, అటు నుంచి ఇటు ఐదడుగులు వస్తే మూల సరిగ్గా ఉన్నట్టట" అంది. వాళ్ల నాన్న తాపీ మేస్త్రీ. ఆ మాట నేను అని ఉంటే పాఠంలో ఇంకో ఉదాహరణ అయ్యేది, అంతే.

ఇందులో మీరు పట్టుకోవలసింది టేపు కాదు, కొలవక ముందు రాయించిన 420. ముందు ఊహ రాయకపోతే ఏ ప్రయోగమైనా గారడీయే. చూసి "ఓహో" అంటారు, మరిచిపోతారు. తప్పు అంకె తమ చేతిరాతతో కాగితం మీద ఉన్నప్పుడు మాత్రమే సరైన అంకె వచ్చి గుచ్చుకుంటుంది.

ఇంకొక సంగతి లఘులోలకం. కళాశాలలో దీన్ని చేయిస్తారు, రికార్డులో రాయిస్తారు. ఎక్కువ రికార్డుల్లో అంకెలు పోయినేటి సీనియర్లవి. మా ఇంట్లో కిటికీ చువ్వకు దారం కట్టి, కొసకు ఇనుప నట్టు వేలాడదీస్తాం. ముడి దగ్గర నుంచి నట్టు మధ్య వరకు సరిగ్గా మీటరు. ఒక కుర్రవాడు ఫోనులో స్టాప్‌వాచ్ పెట్టి ఇరవై డోలనాలు లెక్కపెట్టాడు. 38 సెకన్లు. గురుత్వ త్వరణం కడితే 10.9 వచ్చింది. పుస్తకంలో 9.8 ఉందని వాడికి తెలుసు. అటూ ఇటూ చూసి, నెమ్మదిగా రబ్బరు తీసి 38ని 40 చేశాడు. నేను చూశాను, చూసినట్టు కనబడలేదు. "ఇంకోసారి చెయ్యి నాయనా, ఈసారి గట్టిగా లెక్కపెట్టు" అన్నాను. నట్టు వదులుతూనే "ఒకటి" అన్నాడు. అక్కడ దొరికింది దొంగ. వదిలిన క్షణానికి డోలనం ఒక్కటీ పూర్తి కాలేదు, "సున్నా" అనాలి. వాడు ఇరవై అనుకున్నవి పందొమ్మిదే. కంచెకు పది గుంజలు పాతితే మధ్యలో ఖాళీలు తొమ్మిదే కదా, అదీ సంగతి. 38ని 19తో భాగిస్తే రెండు సెకన్లు, గురుత్వ త్వరణం 9.87. కొలత మొదటి నుంచీ సరిగ్గానే ఉంది. వాడు చెరిపేసింది నిజమైన అంకెనే. ఆ రోజు నుంచి మా బల్ల మీద రబ్బరు లేదు. తప్పును ఒక్క గీతతో కొట్టేసి పక్కన రాయాలి, కింద ఉన్నది చదవడానికి వీలుండాలి.

అదే దారాన్ని పావు మీటరుకు తగ్గించి, ఇప్పుడు ఇరవై డోలనాలకు ఎంత పడుతుందో ముందు రాయమనండి. పొడవు పావు వంతైంది కాబట్టి కాలమూ పావు వంతని, నలభైలో పావు పది సెకన్లని రాస్తారు. ఇరవై వస్తుంది. వర్గమూలం అంటే ఏమిటో అప్పుడు వాళ్ల చెవికి వినబడుతుంది.

పలకల గురించి కూడా ఒక మాట. ఒకప్పుడు మార్కాపురం పలకలు ఐదు తెప్పించి బల్ల మీద పెట్టాను. రాయి పలక మీద రాస్తే భయం ఉండదు, తుడిచేయవచ్చు. పిల్లలు ధైర్యంగా ప్రయత్నిస్తారు. కానీ వారం తిరిగేసరికి నా దగ్గర ఆధారమేమీ లేదు, అన్ని తప్పులూ తడిగుడ్డతో పోయాయి. ఇప్పుడు పలకను బొమ్మలు గీయడానికి మాత్రమే ఇస్తున్నాను. బలాల పటం, కిరణాల పటం పది సార్లు తుడిచి గీసినా నష్టం లేదు. లెక్క మాత్రం పుస్తకంలోనే.

ప్రమాణాల దగ్గర పిల్లలు ఎక్కువగా జారతారు. మన జిల్లాలో దీనికి మంచి సరుకుంది. ఇక్కడ ఇళ్ల స్థలం అంకణాల్లో చెబుతారు. అంకణమంటే 72 చదరపు అడుగులు, ఎకరానికి 605 అంకణాలు. తిరుపతి వెళ్తే అదే అంకణం 36 చదరపు అడుగులు. మాట ఒకటే, కొలత వేరు. ప్రమాణం ఎందుకు రాయాలని అడిగే బిడ్డకు స్థలం కొన్న మేనమామ కథ చెబితే చాలు. ధాన్యం పుట్లలో చెబుతారు, నెల్లూరు పుట్టి 850 కిలోలు. ఎకరానికి నాలుగు పుట్లు పండాయని ఒక బిడ్డ ఇంట్లో అనుకుంటుంటే, చదరపు మీటరుకు ఎన్ని కిలోలో కట్టమన్నాను. ముందుగా ఊహ రాయమంటే పది కిలోలని రాశాడు. 3,400 కిలోలను ఎకరంలో ఉండే 4,047 చదరపు మీటర్లతో భాగించాడు, కిలో కూడా రాలేదు. నమ్మలేక గచ్చు మీద సుద్దతో చదరపు మీటరు గీసుకుని దాని మధ్య నిలబడ్డాడు. ఇంత చోటులో 840 గ్రాముల వడ్లా అని వాళ్ల నాన్నను అడిగాడట. ఆయన కొలిచి చెప్పాడో లేదో నాకు తెలియదు గానీ, ఆ కుర్రవాడు ఆ తరువాత ప్రమాణం లేని జవాబు రాయలేదు.

బిడ్డ ఇంటి వృత్తి ఏమిటో మొదటి వారంలోనే తెలుసుకోండి. ఆస్తి గురించి ఆరా తీయడం కాదు, ఆ ఇంట్లో ఏ పనిముట్లు ఉన్నాయో తెలియడానికి. ఇందుకూరుపేట వైపు నుంచి వచ్చే ఒక కుర్రవాడికి, కాంతి ఒకదానిలోంచి ఇంకోదానిలోకి పోతూ వంగే వక్రీభవనం అంటే గుండెదడ. వాళ్లకు రొయ్యల గుంటలున్నాయి. నీటి ఉప్పదనం చూసే గొట్టం, అదే రిఫ్రాక్టోమీటర్, ఇంట్లో ఉందా అంటే చిన్నప్పటి నుంచీ తానే చూసి నాన్నకు చెబుతానన్నాడు. తెమ్మన్నాను. గాజు పట్టకం మీద ఒక చుక్క నీరు వేసి, మూత వాల్చి, వెలుతురు వైపు తిప్పి కంటి దగ్గర పెట్టుకుంటే, పైన నీలం, కింద తెలుపు కనబడతాయి. రెండూ కలిసే గీత ఏ అంకె మీద ఉంటే అదే ఉప్పదనం. ముందు మంచినీటి చుక్కతో గీతను సున్నా మీదికి తెచ్చుకోవాలని నాకు వాడే నేర్పాడు.

మూడు గ్లాసులు పెట్టాం. ఒకదానిలో మంచినీరు, ఒకదానిలో కొద్దిగా ఉప్పు, మూడోదానిలో లీటరుకు 35 గ్రాముల లెక్కన ఉప్పు. ఈ మూడోది మైపాడు సముద్రపు నీటికి దగ్గర. గీత ఎక్కడ ఆగుతుందో మూడింటికీ ముందే చెప్పి, మూడూ సరిగ్గా చెప్పాడు. అప్పుడు అడిగాను, ఉప్పు ఎక్కువైతే గీత ఎందుకు కదలాలి? పదేళ్లుగా చూస్తున్న గీత. ఆ ప్రశ్న వాడికి ఎప్పుడూ రాలేదు. ఉప్పు కలిసేకొద్దీ నీటి వక్రీభవన గుణకం పెరుగుతుంది, గాజుకూ నీటికీ మధ్య సందిగ్ధ కోణం, అంటే కిరణం దాటగలిగే ఆఖరి కోణం, మారుతుంది, కిరణాలు దాటగలిగే చోటుకూ దాటలేని చోటుకూ మధ్య హద్దు జరుగుతుంది. ఆ హద్దే వాడు చూసే గీత. హద్దు దాటలేక కాంతి పూర్తిగా వెనక్కి తిరిగే సంపూర్ణాంతర పరావర్తనం అన్న మాట పలకడానికే భయపడిన కుర్రవాడు దాన్ని జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు. ఎకరం గుంటలో మీటరున్నర నీరుంటే ఆరు వేల ఘనపు మీటర్లు, అందులో ఒక పీపీఎం, అంటే పది లక్షల వంతుల్లో ఒక వంతు, మందు కలపాలంటే ఆరు కిలోలని కూడా ఆ సాయంత్రమే కట్టాడు. ఇది మాత్రం వాళ్ల నాన్నకు నోటికి వచ్చు, నిష్పత్తి అన్న పేరు తెలియకుండానే.

ఒంగోలులో ఉన్నప్పుడు ఎడ్ల బండలాగుడు పోటీలు ఇలాగే పనికొచ్చేవి. బండ బరువును దూరంతో గుణించి ఎడ్లు చేసిన పని ఇంత అని పిల్లలు రాస్తారు. బండను ఎడ్లు ఎత్తలేదు కదా, ఈడ్చాయి. గెలవవలసింది ఘర్షణను. నేల తడిపితే ఏమవుతుందని అడిగితే పల్లెటూరి బిడ్డలు పుస్తకం తెరవకుండా చెబుతారు.

ఇప్పుడు మళ్లీ మేస్త్రీ గారి అమ్మాయి దగ్గరికి వస్తాను. ఒక సాయంత్రం శ్రీహరికోటలో ప్రయోగం ఉందంటే అందరం మేడ ఎక్కాం. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు శ్రీహరికోట తిరుపతి జిల్లాకు పోయింది గానీ, రాకెట్ మాత్రం మా మేడకు కనబడడం మానలేదు. 1971 అక్టోబరులో అక్కడి నుంచి మొదటి రాకెట్ లేచింది. అప్పటి నుంచి మూడు తరాల వాళ్లు చూస్తూనే ఉన్నారు. దక్షిణాన వెలుగు లేచింది, నిట్టనిలువుగా పోయి, ఎడమకు, సముద్రం వైపు ఒరిగింది. ఒరిగి ఒరిగి దిగంతానికి దగ్గరైంది. "పడిపోతోంది సార్" అంది ఆ అమ్మాయి. మిగతా నలుగురూ నవ్వారు. నేను నవ్వలేదు, జవాబూ చెప్పలేదు. కిందికి వచ్చాక ఒక ప్రశ్న మాత్రం రాసి ఇచ్చాను. భూమి గుండ్రం. ఇక్కడ నేలను తాకుతూ తిన్నగా ఒక గీత గీసి దాని వెంట ఎనిమిది కిలోమీటర్లు పోతే, అక్కడ నేల ఆ గీతకు ఎంత కిందికి ఉంటుంది? భూమి వ్యాసార్ధం 6,400 కిలోమీటర్లు అనుకో.

పటం తానే గీసింది. లంబకోణ త్రిభుజం, ఒక భుజం 6,400, రెండోది 8, కర్ణం 6,400కు దిగుడు కలిపినంత. టైల్స్ మీద కొలిచిన త్రిభుజమే, కాస్త పెద్దది. కర్ణం వర్గం విడదీసే దగ్గర పాత రోగం బయటపడింది. రెండు వర్గాలు రాసింది, మధ్య పదం రాయలేదు. రెండు పక్కలా 6,400 వర్గం పోయింది, దిగుడు వర్గం 64, దిగుడు 8 కిలోమీటర్లు. అంటే నెల్లూరులో బయలుదేరి పెన్నా దాటి కోవూరు చేరేలోపు నేల ఎనిమిది కిలోమీటర్లు కిందికి దిగిపోయింది! ఈసారి నేను నోరు విప్పే పని పడలేదు. "కోవూరుకు రోజూ బస్సులు పోతున్నాయి సార్" అని తానే కొట్టేసింది. మధ్య పదం వేసింది. రెండు ఇంటూ 6,400 ఇంటూ దిగుడు. దిగుడు వర్గం చాలా చిన్నది కనుక వదిలేయవచ్చా అని అడిగింది. వదిలేయమన్నాను. 64ను 12,800తో భాగిస్తే 0.005 కిలోమీటర్లు, ఐదు మీటర్లు.

తరువాతి ప్రశ్న. చేతిలోంచి వదిలిన వస్తువు మొదటి సెకనులో ఎంత పడుతుంది? పదో తరగతి పిల్లలకూ తెలుసు, 4.9 మీటర్లు. ఆ రెండు అంకెలు ఒకదాని కింద ఒకటి రాసుకుని చూస్తూ కూర్చుంది. సెకనుకు ఎనిమిది కిలోమీటర్ల వేగంతో అడ్డంగా పోయేది ఐదు మీటర్లు పడేసరికి, నేల కూడా ఐదు మీటర్లు దిగిపోతుంది. పడుతుంది, తగలదు. రాకెట్ ఒరిగేది ఆ అడ్డపు వేగం కోసమే. భూమికి దగ్గరగా తిరిగే ఉపగ్రహాల ఎత్తులో అది కాస్త తక్కువ, సెకనుకు ఏడున్నర కిలోమీటర్ల పైచిలుకు. "అయితే అది పడుతూనే ఉందా సార్?" అని అడిగింది. పడుతూనే ఉంది. మేడ మీద ఆమె అన్న మాట అంత తప్పేమీ కాదని తేలడానికి వారం పట్టింది. ఆ వారంలో నేను ఇతర పాఠాలేవీ ముందుకు నడపలేదు. వాళ్ల అమ్మగారు వచ్చి సిలబస్ ఎంతవరకు అయిందని అడిగితే, ఒక సూత్రం అయిందని చెప్పాను. ఆమె ముఖం ఎలా పెట్టారో మీరే ఊహించుకోండి.

మాటల గురించి. ఇంగ్లీషు మీడియం బిడ్డ ప్రశ్నను గడగడా చదువుతాడు, ఏమి ఇచ్చారో ఏమి అడిగారో చెప్పలేడు. పెన్ను ముట్టక ముందు ప్రశ్నను తెలుగులో నాకు కథలా చెప్పమంటాను. ఎవరు విసిరారు, ఎటు విసిరారు, ఎప్పుడు పడింది. కథ రాకపోతే లెక్క రాదు. మన పాఠ్యపుస్తకాల్లో వడి వేరు, వేగం వేరు. వేగానికి దిక్కు ఉంది, వడికి లేదు. ఇంట్లో మాత్రం రెండింటినీ ఒకే అర్థంలో వాడతాం. మైదానం చుట్టూ ఒక రౌండు పరుగెత్తి బయలుదేరిన చోటికే వచ్చినవాడి సగటు వేగం సున్నా అంటే, పరుగెత్తిన బిడ్డకు కోపం వస్తుంది. రానివ్వండి, ఆ కోపంతోనే తేడా గుర్తుంటుంది.

సామగ్రికి పెద్ద ఖర్చు అక్కరలేదు. కొలత టేపు, స్ప్రింగ్ త్రాసు, దారం, నట్లు, రెండు అయస్కాంతాలు, పది సెంటీమీటర్ల నాభ్యంతరం ఉన్న కుంభాకార కటకం, అద్దం ముక్క, టార్చి సెల్లులు, చిన్న బల్బులు, ఒక మల్టీమీటర్. సన్నటి కొలతలు తీసే వెర్నియర్ కొనక ముందు అట్టతో చేయించండి. ఒక అట్ట మీద సెంటీమీటర్లు గీసి, ఇంకో అట్ట మీద తొమ్మిది సెంటీమీటర్ల పొడవును పది భాగాలు చేస్తే, ఒక్కో భాగం తొమ్మిది మిల్లీమీటర్లు. కనీసపు కొలత ఒక మిల్లీమీటరు ఎందుకైందో చేసిన చేతికి తెలుస్తుంది. అసలు వెర్నియర్ పట్టుకున్నప్పుడు ఇక చెప్పడానికి ఏమీ మిగలదు. ఇంటి కరెంటు జోలికి మాత్రం పోవద్దు. విద్యుత్తు పాఠమంతా టార్చి సెల్లులతోనే జరగాలి. కటకంతో సూర్యుణ్ని చూడకూడదని మొదటి రోజే చెప్పి, ఎండలో పిల్లల చేతికి కటకం ఇచ్చినప్పుడు మీరు పక్కనే ఉండండి.

తల్లిదండ్రులు మూడు వారాలకే మార్కులు అడుగుతారు. వాళ్ల తప్పు లేదు, ఫీజు కట్టారు. నేను మొదటి రోజు కాగితాన్ని దాచి ఉంచుతాను. నెల తరువాత అవే నాలుగు లెక్కలు, అంకెలు మార్చి, వాళ్ల ఎదుటే చేయించి రెండు కాగితాలూ పక్కపక్కన పెడతాను. చదువు రాని తల్లికి కూడా ఎక్కడ కొట్టివేతలు తగ్గాయో కనబడుతుంది. ర్యాంకు మాట ఇవ్వకండి. ఇచ్చినవాళ్లు వీధికొకరున్నారు.

ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్ సంగతి వేరు. 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు, ఒక్కోదానికి నిమిషం పైన ఏడెనిమిది సెకన్లు. అక్కడ దారం కట్టి నట్టు ఊపే తీరిక లేదు. అడ్డదారి సూత్రాలు కావాలి, నేనూ నేర్పుతాను. అయితే నా దగ్గర ఒక పద్ధతి ఉంది. ఏ అడ్డదారినైనా పొడుగుదారిలో ఒకసారి నడిచి రాబట్టినవాడికే వాడే హక్కు. హాస్టల్లో ఉండి ఆదివారం మాత్రమే ఇంటికి వచ్చే బిడ్డలు నిద్ర లేక కళ్లు ఎర్రగా వస్తారు. అలాంటి రోజు లెక్క చేయించను. అన్నం తిని పడుకోమని పంపేస్తాను, ఆ రోజు ఫీజు తీసుకోను.

ఫోనులో చెప్పవచ్చు. కానీ అందరూ చేసేది తిరగేసి చేయండి. మీ ముఖం, మీ బోర్డు వాళ్లకు కనబడడం కాదు, వాళ్ల నోటుపుస్తకం మీకు కనబడాలి. వంటింట్లోంచి రెండు ఎత్తైన డబ్బాలు తెచ్చుకుని, వాటి మీద స్కేలు అడ్డంగా పెట్టి, ఫోను కెమెరా పుస్తకం మీదికి ఉండేలా బోర్లించమనండి. రాసే చేతి నీడ పుస్తకం మీద పడకుండా దీపం ఎడమ పక్క ఉండాలి, ఎడమ చేతివాటం వాళ్లయితే కుడి పక్క. బిడ్డ రాస్తున్నంతసేపూ మీ వైపు మైకు ఆపేసి ఉంచండి. నాకు ఇప్పటికీ మధ్యలో మాట జారుతుంటుంది. అందుకే ఫోను పాఠమప్పుడు నోట్లో ఒక వక్కపలుకు వేసుకుని కూర్చుంటాను.